ట్యూబ్‌లైటు ఆపేశాక ఇల్లు: యాంబియంట్ లైటింగ్ అమర్చుకునే పద్ధతి

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు చూసినవాళ్ళకి ప్రభల గురించి చెప్పక్కర్లేదు. ఆకాశంలోకి లేచిన కట్టడం నిండా కరెంటు బల్బులు, మా ఊరి ప్రభ బాగుందంటే మా ఊరిదే బాగుందని పోటీ. గుంటూరు, బెజవాడ వాళ్ళం కదా, ఎన్ని బల్బులుంటే అంత కళ అని మనకో నమ్మకం. ప్రభకి అది సరిపోతుంది. హాల్లో అదే పని చేస్తే కళ్ళు లాగుతాయి. నేను ఆ పని చేశాను.

బెజవాడ పటమటలో ఫ్లాట్ కొన్న కొత్తలో హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయించాం. పని చేసినతను 12 వాట్ల డౌన్‌లైట్లు (సీలింగులో దిగేసి కిందికి వెలిగేవి) పద్నాలుగు బిగించి, చుట్టూ కోవ్‌లో, అంటే సీలింగు అంచున లైటు దాచే గాడిలో, తెల్లటి ఎల్ఈడీ స్ట్రిప్పు తిప్పాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నెల తిరక్కముందే అవన్నీ ఆపేసి, వంటింట్లోంచి వచ్చే వెలుతుర్లో టీవీ చూడడం మొదలుపెట్టాం. అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఒక పూట కూర్చుని, "బట్టల షాపులో కూర్చున్నట్టుందిరా" అంది. రెండేళ్ళ తర్వాత సగం లైట్లు పీకించి మళ్ళీ మొదటి నుంచి చేసుకున్నాం. ఆ రెండోసారి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

యాంబియంట్ లైటింగ్ అంటే గది అంతా పరుచుకునే మెత్తటి వెలుగు. బల్బు కంటికి తగలదు. గోడకో సీలింగుకో కొట్టి తిరిగొచ్చిన వెలుగే మనకు అందుతుంది. చదవడానికి, కూరలు తరగడానికి పెట్టేది టాస్క్ లైటు, పటాన్నో బొమ్మనో చూపించడానికి పెట్టేది యాక్సెంట్ లైటు. ఈ పేర్లు కొత్తవే కానీ సంగతి పాతదే. పాత పెంకుటిళ్ళలో గోడలో దీపపు గూడు ఉండేది గుర్తుందా? ప్రమిద గూట్లో లోపలికి ఉంటుంది, వెలుగు సున్నం గోడ మీద పడి మెల్లగా గదిలోకి వస్తుంది. మనం చేయబోయేది కూడా అదే, కాకపోతే నూనె పోయక్కర్లేదు.

1. ముందు ఒక సాయంత్రం చీకట్లో కూర్చోండి

ఏమీ కొనొద్దు. ఏడు గంటలకి హాల్లో అన్ని లైట్లు ఆపేసి, సెల్‌ఫోన్ టార్చి వెలిగించి తిరగండి. టార్చిని సీలింగు వైపు తిప్పి చూడండి. తర్వాత మూల వైపు, కర్టెన్ పైనుంచి కిందికి, సోఫా వెనక గోడ మీదికి, షోకేసు పైన పెట్టి పైకి. ఒక్కో చోట గది ఒక్కోలా కనిపిస్తుంది. ఎక్కడ పెట్టినప్పుడు "ఇది బాగుంది" అనిపించిందో అక్కడ గోడ మీద పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకోండి. ఒకరు టార్చి పట్టుకుంటే ఇంకొకరు రోజూ కూర్చునే చోట కూర్చుని చూడాలి. నిలబడి చూసి సరే అనుకున్న లైటు సోఫాలో కూర్చునేసరికి సరిగ్గా కంట్లో పడుతుంది.

ఇదే సమయంలో నేల కూడా చూసుకోండి. ఫ్లాట్లలో ఎక్కువగా వేసేది మెరిసే విట్రిఫైడ్ టైల్సు. అవి దాదాపు అద్దాలే. టీవీ యూనిట్ కింద స్ట్రిప్పు పెడితే చుక్కలు చుక్కలుగా ప్రతి ఎల్ఈడీ నేలలో కనిపిస్తుంది. మా ఇంట్లో మొదట తీసేసింది దాన్నే.

2. రంగు తేల్చుకోండి

వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం కలిసిన తెలుపు. నూనె దీపం సుమారు 2000 కెల్విన్, పాత పసుపు బల్బు 2700. షాపులో ఏమీ చెప్పకుండా "ఒక ఎల్ఈడీ బల్బివ్వండి" అంటే చాలాసార్లు చేతికొచ్చేది 6500, అంటే కూల్ డేలైట్. ఒంట్లో ఎండ దిగకుండా మే నెల సాయంత్రం ఇంటికొచ్చినవాడికి ఆ తెలుపు చల్లగా ఉంటుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. రాత్రి తొమ్మిదింటికి ఆ వెలుగులో ఇల్లు ఆస్పత్రి వరండాలా ఉంటుంది.

హాలుకి, బెడ్‌రూములకి 2700 నుంచి 3000 తీసుకోండి. వంటింట్లో కూర రంగు, బియ్యంలో రాయి కనిపించాలి కాబట్టి 4000. ముఖ్యంగా ఒకే గదిలో, ఒకేసారి వెలిగే లైట్లకి ఒకే అంకె ఉండాలి. కోవ్‌లో 3000, డౌన్‌లైటు 6500 అయితే గోడ సగం పసుపు, సగం నీలంగా కనిపించి, పెయింటర్ మోసం చేశాడేమో అనిపిస్తుంది.

పెట్టె మీద ఇంకో అంకె ఉంటుంది, సీఆర్ఐ. వస్తువుల అసలు రంగు ఎంత నిజంగా కనిపిస్తుందో చెప్పే అంకె అది, 100కి. మామూలు వాటికి 80 చాలు. కొండపల్లి బొమ్మలు పెట్టుకునే గూటికి, అద్దం దగ్గరికి 90 పైన ఉన్నది కొనండి. కొండపల్లి ఎరుపు తక్కువ సీఆర్ఐ వెలుగులో ఇటుక రంగులోకి దిగిపోతుంది. మంగళగిరి చీర అంచు రంగు బీరువా దగ్గర ఒకలా, బయట ఒకలా ఉండడానికి కారణం కూడా చాలాసార్లు ఇదే.

గవర్నరుపేట వైపు షాపులకు వెళ్ళినప్పుడు రెండు రకాలు పక్కపక్కనే వెలిగించమని అడగండి. వాటి కింద అరచెయ్యి పెట్టి చూడండి. చర్మం పాలిపోయినట్టుంటే ఆ బల్బు వద్దు. తర్వాత ఫోన్ కెమెరా తెరిచి బల్బు వైపు పెట్టండి. తెర మీద నల్లటి చారలు కదులుతుంటే ఆ లైటు కంటికి తెలియకుండా మినుకుమంటోందని అర్థం. కొందరికి తలనొప్పి అక్కడి నుంచే వస్తుంది.

3. ఎంత వెలుగు కావాలో లెక్క వేయండి

వాట్లు కరెంటు లెక్క, వెలుగు లెక్క ల్యూమెన్లలో ఉంటుంది. మంచి ఎల్ఈడీ ఒక వాటుకి 90 నుంచి 100 ల్యూమెన్లు ఇస్తుంది.

మా హాలు 12 అడుగులు, 14 అడుగులు. 168 చదరపు అడుగులు, అంటే సుమారు 15.6 చదరపు మీటర్లు. మాట్లాడుకుంటూ కూర్చోవడానికి చదరపు మీటరుకి 100 నుంచి 150 ల్యూమెన్లు కింద పడితే చాలు. కింద పడాల్సింది 2000 ల్యూమెన్లు అనుకుందాం. కానీ సీలింగుకి కొట్టి వచ్చే వెలుగులో సగం దాకా దారిలోనే పోతుంది, కాబట్టి 4000 ల్యూమెన్లు పెట్టాలి. రెండు పొడవు వైపులా 14 అడుగుల చొప్పున 28 అడుగులు, అంటే 8.5 మీటర్ల స్ట్రిప్పు. మీటరుకి 5 వాట్ల రకం తీసుకుంటే 42 వాట్లు, దాదాపు 4000 ల్యూమెన్లు. సరిపోయింది.

ఇప్పుడు నా పద్నాలుగు డౌన్‌లైట్లు లెక్కేయండి. 168 వాట్లు, 15 వేల ల్యూమెన్లు. అదీ నేరుగా నెత్తిన.

గోడ రంగు చూసుకుని ఈ లెక్క సవరించాలి. తెలుపు, మీగడ రంగు గోడలు వెలుగును తిరిగిస్తాయి. ముదురు ఆకుపచ్చ, బూడిద రంగు గోడలు మింగేస్తాయి. సీలింగు మాత్రం మెరుపు లేని తెలుపే ఉండాలి. మెరిసే పెయింటు మీద స్ట్రిప్పు గీతలా కనిపించి, దాచిన పనంతా వృథా అవుతుంది.

నాలుగు గంటలు వెలిగినా ఈ 42 వాట్లు నెలకి 5 యూనిట్లు. ఏసీ నడిచే ఇంట్లో అది లెక్కలోకి రాదు.

4. ఎక్కడ పెట్టాలి

ఫాల్స్ సీలింగ్ ఉంటే కోవ్ తేలిక. కోవ్ పైన అసలు శ్లాబుకి, స్ట్రిప్పుకి మధ్య కనీసం 4 అంగుళాలు, వీలైతే 6 ఖాళీ ఉండాలి. ఖాళీ తక్కువైతే వెలుగు పరుచుకోదు, అంచున ఒక ప్రకాశమైన గీత మాత్రం పడుతుంది. ముందు అంచు ఒకటిన్నర, రెండు అంగుళాలు పైకి లేచి స్ట్రిప్పును దాచాలి. మరీ ఎత్తు పెడితే వెలుగునే అడ్డుకుంటుంది. నాలుగు వైపులా తిప్పాలనేమీ లేదు. రెండు వైపులా పెడితే గదికి ఒక దిక్కు వస్తుంది. నాలుగు వైపులా పెడితే ఫంక్షన్ హాలు గుర్తొస్తుంది, నాకైతే.

ఫాల్స్ సీలింగ్ లేకపోతే దానికోసం చేయించనక్కర్లేదు, నిజానికి. పది అడుగుల ఎత్తు హాల్లో అర అడుగు తగ్గుతుంది కూడా. దాని బదులు ఇవి చూడండి.

బీరువా, వార్డ్‌రోబ్, షోకేసు, సజ్జ, ఏదైనా కంటి ఎత్తు దాటినదాని పైన 10 వాట్ల ఎల్ఈడీ పట్టీలైటును వెల్లకిలా పడుకోబెట్టి సీలింగు వైపు వెలిగించండి. కింద నుంచి లైటు కనిపించదు, సీలింగంతా వెలుగుతుంది. అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మార్పు తెచ్చే పని నాకు తెలిసి ఇదొక్కటే. ముందు అంచుకి నాలుగైదు అంగుళాలు వెనక్కి జరిపి పెట్టాలి.

కర్టెన్ రాడ్డుకి ముందు చెక్క పట్టీ ఉంటే దాని వెనక స్ట్రిప్పు పెట్టి కర్టెన్ మీదికి వెలుగు వదలండి. బట్ట మడతలు నీడలతో అందంగా వస్తాయి. రాత్రి నల్లగా కనిపించే కిటికీ అద్దం సమస్య కూడా తీరుతుంది. సోఫా వెనక మూల ఖాళీగా ఉంటే బట్ట గొట్టం (షేడ్) ఉన్న నిలువు దీపం, అంటే ఫ్లోర్ ల్యాంప్ పెట్టండి. బట్ట అడుగు అంచు కూర్చున్నవాళ్ళ కంటి ఎత్తులో ఉండాలి, అంటే నేల నుంచి సుమారు మూడున్నర అడుగులు. టీవీ వెనక గోడకి వెలుగు వదిలితే తెరకీ చీకటికీ తేడా తగ్గి కళ్ళకి హాయిగా ఉంటుంది. రంగులు మారే స్ట్రిప్పు అక్కడ పెట్టమని పిల్లలు అడుగుతారు. మీ ఇష్టం. మా ఇంట్లో రెండు వారాలు అన్ని రంగులూ తిప్పి, ఆ తర్వాత పసుపు దగ్గరే ఆపేశారు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు గోడలు గాడి కొట్టించకండి. ప్లగ్గుతో వెలిగేవి మూడు, వేర్వేరు ఎత్తుల్లో, ఒకటి పైకి, ఒకటి గోడకి, ఒకటి చదువుకోవడానికి. మారేటప్పుడు సంచిలో వేసుకుని పోవచ్చు.

5. ఫ్యాను సంగతి మర్చిపోవద్దు

బయటి దేశాల ఫొటోలు చూసి డిజైన్ చేసుకుంటే దెబ్బతినేది ఇక్కడే. వాళ్ళ హాలు నడిమధ్యన ఫ్యాను ఉండదు. మనకి ఏడాదిలో ఎనిమిది నెలలు తిరుగుతుంది. ఫ్యాను రెక్కల పైన ఉన్న డౌన్‌లైటు వెలుగును రెక్కలు కోస్తూ ఉంటాయి, గదంతా టపటపా నీడలు కొడతాయి. మామూలు 48 అంగుళాల ఫ్యానుకి రెక్క చివర కొక్కెం నుంచి 2 అడుగుల దూరంలో ఉంటుంది. కాబట్టి స్పాట్‌లైటు కొక్కెం నుంచి కనీసం 3 అడుగులు, వెడల్పుగా పరిచే ప్యానెల్ లైటు 4 అడుగులు అవతల ఉండాలి. సీలింగుకి కోత పెట్టకముందే సుద్దముక్కతో ఈ వలయం గీయించండి. మా పద్నాలుగింటిలో ఆరు ఈ వలయంలోనే ఉండేవి.

6. స్ట్రిప్పు, డ్రైవరు, వైరు

స్ట్రిప్పు ఎక్కువగా 5 మీటర్ల చుట్టగా వస్తుంది, 12 వోల్టులదో 24 వోల్టులదో. 12 వోల్టుల స్ట్రిప్పు 5 మీటర్లు దాటి ఒకే వరుసగా లాగితే చివర మసకబారుతుంది. మాకు రెండు 14 అడుగుల ముక్కలు కాబట్టి డ్రైవరు (దీని గురించి కింద చెబుతాను) నుంచి ఒక్కోదానికి వేరుగా వైరు లాగాం. పెద్ద హాలైతే 24 వోల్టులది తీసుకోండి. కత్తిరించేటప్పుడు దాని మీద ఉన్న గుర్తు దగ్గరే కత్తిరించాలి. మీటరుకి 60 ఎల్ఈడీలున్న 12 వోల్టుల రకంలో ఆ గుర్తు ప్రతి 5 సెంటీమీటర్లకి ఉంటుంది. ప్లస్, మైనస్ తిప్పేస్తే వెలగదు, అంతే. చుట్ట విప్పకుండా ఎక్కువసేపు వెలిగించి చూడకండి, వేడెక్కి కాలిపోతుంది.

వెనక ఉండే జిగురు టేపును నమ్మొద్దు. ఒక్క మే నెల చాలు, స్ట్రిప్పు పాములా వేలాడుతుంది. అల్యూమినియం ప్రొఫైల్లో (సన్న కాలువలాంటి పట్టీ) పెట్టి స్క్రూలు బిగిస్తే వేడి కూడా లాగేస్తుంది, ఎల్ఈడీ ఎక్కువ కాలం వస్తుంది. పైన పాలరంగు మూత పెడితే చుక్కలు కనిపించవు.

డ్రైవరు అంటే 230 వోల్టులను 12కో 24కో దించే డబ్బా. అవసరమైన వాట్ల కన్నా కనీసం 20 నుంచి 25 శాతం ఎక్కువది కొనాలి. 42 వాట్లకి 60 వాట్ల డ్రైవరు. దాన్ని పెట్టే చోటు గురించి గట్టిగా చెబుతాను: చెయ్యి వెళ్ళే చోట పెట్టించండి. మాకు పని చేసినతను పీఓపీ సీలింగు లోపల పెట్టి పైన మూసేశాడు. గాలాడక మొదటి వేసవికే పోయింది. దాన్ని మార్చడానికి కొత్త సీలింగుకి కన్నం పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడది వార్డ్‌రోబ్ పైన సజ్జలో, చుట్టూ ఖాళీతో ఉంది.

12 వోల్టుల వైపు పని మీరు చేసుకోవచ్చు. 230 వోల్టుల వైపు మాత్రం ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. ఎవరు ముట్టుకున్నా ముందు ఎంసీబీ (ఆ వరుసకి కరెంటు ఆపే స్విచ్చు) దించాలి. ఇంటికి 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) లేకపోతే ఈ పనితో పాటే పెట్టించేయండి. లైట్లకన్నా అది ముందు.

ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు నేల దగ్గరి ప్లగ్గులు ఎంత ప్రమాదమో అందరం చూశాం. గ్రౌండ్ ఫ్లోరు వాళ్ళు స్కర్టింగ్ పట్టీలో, మెట్ల కింద స్ట్రిప్పులు పెట్టాలనుకుంటే డ్రైవరు, జాయింట్లు నడుము ఎత్తు పైనే ఉంచి, ఆ వైరింగుకి వేరే ఎంసీబీ పెట్టించండి.

7. స్విచ్చులు విడగొట్టండి

ఇదే అసలు కీలకం, కానీ చెప్పడానికి పెద్దగా లేదు. కోవ్‌కి ఒక స్విచ్చు, డౌన్‌లైట్లకి ఒకటి, గూటికి ఒకటి. అన్నీ ఒకే స్విచ్చు మీదుంటే మళ్ళీ పాత కథే. తలుపు దగ్గర ఒకటి, మంచం దగ్గర ఒకటి ఉండే టూ వే స్విచ్చు బెడ్‌రూముకి తప్పనిసరి.

వెలుగు తగ్గించుకోవాలంటే డిమ్మరు, దానికి పనికొచ్చే డ్రైవరు రెండూ కలిపి కొనాలి. ఫ్యాను రెగ్యులేటరుకి బల్బు కలిపేవాళ్ళని చూశాను. మామూలు ఎల్ఈడీ బల్బు దాని మీద మినుకుమని, గుయ్‌మని, కొన్నాళ్ళకి పోతుంది. డిమ్మరు బెడద వద్దనుకుంటే కోవ్‌లో రెండు వరుసల స్ట్రిప్పు పెట్టి రెండు స్విచ్చులివ్వండి. సగం కావాలంటే ఒకటి, పూర్తిగా కావాలంటే రెండూ. ఇన్వర్టరు మీదికి యాంబియంట్ వరుస ఒకటి కలపండి. కరెంటు పోయినప్పుడు ఒక్క ట్యూబ్‌లైటు కన్నా అదే బాగుంటుంది.

ట్యూబ్‌లైటును మాత్రం పీకేయకండి. మసక వెలుగు మాకు హాయిగా ఉంది కానీ, అమ్మ వచ్చి "కరెంటు బిల్లు కట్టలేదా ఏంట్రా" అని అడిగింది. వయసు పైబడిన కళ్ళకి అదే అక్షరం చదవడానికి ఎక్కువ వెలుగు కావాలి, అది చాదస్తం కాదు. ఆవిడ కూర్చునే కుర్చీ పక్కన చదువుకునే లైటు పెట్టాం. ఊడ్చేటప్పుడు, పోయిన చెవికమ్మ వెతికేటప్పుడు ట్యూబ్‌లైటు ఉండనే ఉంది.

8. మిగతా గదులు

దేవుడి గదిలో వెలుగు కుందుల్లో దీపాన్ని ఓడించకూడదు. 2700 కెల్విన్, తక్కువ వాట్లది, ముందు నుంచి కాస్త పైనుంచి పడేలా. విగ్రహానికి కింద నుంచి వెలుగు వేస్తే ముఖంలో నీడలు తిరగబడి చూడ్డానికి బాగోదు. సంక్రాంతి బొమ్మల కొలువు మెట్లకీ ఇదే పద్ధతి. ప్రతి మెట్టు అంచు కింద సన్న స్ట్రిప్పు దాచితే వెనక వరుస బొమ్మలు కూడా కనిపిస్తాయి.

బెడ్‌రూములో మంచం పైన నేరుగా లైటు పెట్టొద్దు. పడుకున్నవాడు చూసేది సీలింగునే. మంచం తలవైపు పలక వెనక నుంచి వెలుగు వస్తే చాలు. పాత జీరో బల్బు పేరుకే జీరో, 10 వాట్లు పైనే లాగేది. దాని బదులు బాత్రూమ్ దారిలో, మోకాలి ఎత్తులో అర వాటు లైటు పెట్టండి. రాత్రి లేచిన పెద్దవాళ్ళకి కాళ్ళ దగ్గర దారి కనిపిస్తుంది, నిద్ర చెదరదు.

బాల్కనీకి నీళ్ళని, దుమ్ముని తట్టుకునేవి, అంటే ఐపీ65 అని రాసి ఉన్నవి, పసుపు రంగువి పెట్టండి. తొలకరి వాన పడ్డ రాత్రి ఉసిళ్ళు తెల్లటి, నీలం కలిసిన వెలుగుకి ఎగబడినంతగా పసుపు వెలుగుకి రావు. పురుగులు తగ్గితే వాటికోసం వచ్చే బల్లులూ తగ్గుతాయి.

9. పని అయ్యాక

కోవ్‌లో దుమ్ము చేరితే ఆర్నెల్లకే వెలుగు తగ్గినట్టు అనిపిస్తుంది. దసరా ముందు ఇల్లు దులిపేటప్పుడు స్విచ్చు ఆపి, పొడిబట్టతో ప్రొఫైల్ మూతలు తుడవండి. స్ట్రిప్పు కొనేటప్పుడే అదే చుట్టలోంచి ఒక మీటరు మిగుల్చుకుని దాచండి. రెండేళ్ళ తర్వాత అదే కంపెనీ, అదే 3000 అని కొన్నా రంగు కొంచెం తేడా వచ్చి, కోవ్‌లో ఆ ముక్క అతుకులా కనిపిస్తుంది. డ్రైవరు ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు, స్ట్రిప్పు ఎన్ని కెల్విన్, డ్రైవరు ఏ గదిలో ఏ సజ్జ మీదుంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఎంసీబీ డబ్బా తలుపు లోపలి వైపు అంటించండి. మా ఇంట్లో ఆ కాగితం మీద చివరి వరుస ఇలా ఉంటుంది: "ఫ్యాను కొక్కెం నుంచి 3 అడుగుల లోపల ఎవరడిగినా కన్నం పెట్టొద్దు."